పిండిలో పడిన కుడి పాదం

పోయిన నెల మా అమ్మాయి పోరు పడలేక కర్నూలులో కొత్తగా తెరిచిన ఒక పెద్ద బూట్ల షాపుకు వెళ్ళాను. లోపల చలి, ఎక్కడినుంచో సన్నగా పాట, గోడ నిండా మిఠాయిల రంగుల్లో బూట్లు. అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను సాక్సులు విప్పి ఒక గాజు పలక మీద నిలబడమంది. నా బరువుకు అది పగులుతుందేమోనని నేను జంకుతుంటే, ఏమీ కాదు సార్ నిలబడండి అని నవ్వింది. నిలబడ్డాను. ఎదురుగా తెర మీద నా రెండు పాదాలూ ఎర్రగా, పసుపుగా వెలిగాయి. మామూలు మనుషుల పాదానికి లోపలివైపు వంపు ఉంటుంది, తడికాలితో నడిస్తే అక్కడ నేల తడవదు. నాకా వంపు లేదు, మడమ నుంచి వేళ్ళదాకా ఒకటే చదును. ఆ పిల్ల దాని గురించి ఏవేవో చెబుతూనే ఉంది గానీ నాకు వినబడటం మానేసింది. తెర మీది కుడి పాదాన్నే చూస్తూ ఉండిపోయాను. నా కుడి పాదాన్ని ఎవరో పరాయివాడి పాదంలాగా ఎదురుగా పెట్టుకుని చూడటం నా జీవితంలో అది మూడోసారి. మొదటిసారి బియ్యప్పిండిలో చూశాను, రెండోసారి చీమలు తిన్న కాగితం మీద.

మాది బద్వేలు. బజారు వీధిలో కిరాణా అంగడి, అంగడి వెనకే ఇల్లు, ఇంటి వెనక సందులో సరుకు దించుకునే గోదాం. మా తాత, ఆయన తర్వాత మా నాయన, ఆయన తర్వాత నేను, ముగ్గురం ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవాళ్ళం. పొట్ట ముందు నడిచేది, మేము దాని వెనక నడిచేవాళ్ళం. పాదాలు మాత్రం దోసెలే, గరిటెతో సమంగా తిప్పి పరిచినట్టు ఎక్కడా ఎత్తూ పల్లమూ లేనివి. రెడీమేడ్ చెప్పులు మాకు నెల తిరిగేసరికి లోపలి అంచు అరిగి, పాడైన తక్కెడలాగా ఒకపక్కకు ఒరిగిపోయేవి. మా నాయన నడిస్తే పాదం మొత్తం ఒక్కసారే నేలకు తగిలి టప్, టప్ అని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వీధి మలుపులో వినబడగానే అమ్మ కంచం పెట్టేది. మా ఈడువాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో మనిషి ఇంకా గుమ్మంలోకి రాకముందే ఇంట్లోవాళ్ళు నడకను బట్టి పోల్చుకునేవాళ్ళు.

ఒక ఏడు ఎండాకాలంలో, ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, మా నాయన పోయాడు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది ఆయనకు. మా తాత కూడా యాభై రెండు చూడకుండానే పోయాడు. నాయనకు షుగరు. ఆ పొద్దున డబ్బాలో దాచిన బూందీ లడ్లు ఆయన చాటుగా తినేశాడని అమ్మ పట్టుకుంది, నోటికొచ్చినట్టు తిట్టింది. మధ్యాహ్నం ఆయన అంగడి నుంచి వచ్చి, మాట్లాడకుండా అన్నం తిని, మధ్యగదిలో చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ కూడా పంతం పట్టి వంటింట్లోనే నడుం వాల్చింది. నాలుగు గంటలకు టీ పెట్టి లేపడానికి వెళ్తే ఆయనలో ప్రాణం లేదు. మధ్యాహ్నమంతా ఆ గదిలో ఒక్కడే ఉన్నాడని, తాను పిలిస్తే పలికేవాడేమోనని, తిట్టిన తిట్లే ఆయన చెవిన పడిన ఆఖరి మాటలని అమ్మ ఆ పది రోజులూ అనుకున్నది అదొక్కటే. ఏడుపు కూడా రాలేదు ఆమెకు. గోడకానుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ లడ్ల సంగతే చెప్పేది.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారో లేదో నాకు తెలీదు. పదో రోజు రాత్రి, ప్రాణం పోయిన గదిలో గడప దాకా జల్లించిన బియ్యప్పిండి పలచగా చల్లి, ఓ మూల దీపం పెట్టి, తలుపు దగ్గరికి వేసి అందరూ బయట పడుకుంటారు. తెల్లవారి తలుపు తీసి చూస్తే పిండిలో ఏదో ఒక గుర్తు పడి ఉంటుందని, పోయినవాళ్ళు ఏ రూపంలో వచ్చి చూసిపోయారో దాన్నిబట్టి తెలుస్తుందని నమ్మకం. మా తాతకు పక్షికాలు పడిందట. మా అవ్వకు ఏమీ పడలేదట, ఆ మాట చెప్పుకుని ఆమె కూతుళ్ళు ఏళ్ళ తరబడి ఏడ్చేవాళ్ళు.

ఆ రాత్రి నేను వాకిట్లో మంచం మీద పడుకున్నాను. ఇంకా వెలుగు రాకముందే గోదాం సందులోంచి లారీ హారను వినబడింది. కర్నూలు నుంచి ఎర్రగడ్డల లోడు, అదే ఉల్లిపాయలు. నాయన పోయిన సంగతి ఆ మండీవాళ్ళకు చెప్పాలన్న ధ్యాస మాకెవరికీ లేకపోయింది. డ్రైవరు దించుకోకపోతే వెళ్ళిపోతానంటున్నాడు. గోదాం తాళాలు మధ్యగదిలో, తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటాయి. కరెంటు లేదు. నిద్రమత్తులో వెళ్ళి తలుపు తోసి, కుడికాలు లోపల వేసి, ఒంగి తాళాలు అందుకుని, కాలు వెనక్కి తీసుకుని మళ్ళీ తలుపు వేసేశాను. మూలన దీపం ఎప్పుడు ఆరిపోయిందో, పిండి సంగతి నేనెట్లా మరిచిపోయానో ఇప్పటికీ చెప్పలేను. కాలికింద ఏదో మెత్తగా, చల్లగా అనిపించింది, అంతే. సరుకు దింపించి, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి తెల్లవారింది, ఇంటిల్లిపాదీ మధ్యగది తలుపు ముందు నిలబడి ఉన్నారు.

తలుపు తీసింది మా మేనమామ. నేను అందరి వెనక నిలబడి తలల మీదుగా చూశాను. గడపకు అడుగు లోపల, తెల్లటి పిండిలో ఒక్క కుడి పాదం. ఎక్కడినుంచో నడిచివచ్చినట్టు వెనక అడుగు లేదు, ఎక్కడికో వెళ్ళినట్టు ముందు అడుగు లేదు. వంపు లేని పెద్ద పాదం, దోసెలా పరుచుకుని ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు. నాదే అయినా, అట్లా గదిలో ఒంటరిగా పడివున్నదాన్ని చూస్తే నాదనిపించలేదు. నోరు తెరవబోయాను. ఈలోగా అమ్మ పది రోజుల తర్వాత మొదటిసారి ఏడ్చింది, ఏడుస్తూనే ఆమె ముఖం విప్పారింది.

“చూడ్రా తమ్ముడా, వచ్చినాడు. నామీద కోపం పెట్టుకోని పోలా, వచ్చి చూసి పోయినాడు.”

ఆ ముఖం చూశాక రేపు చెబుదాం అనుకున్నాను. అంతలోనే జరగకూడనిది జరిగింది. పన్నెండో రోజు దానాల్లో గొడుగు, చెప్పులు ఇస్తారు కదా, పోయినవాళ్ళు నడవబోయే దారిలో ఎండ తగలకుండా, కాళ్ళు కాలకుండా. మామూలుగా ఏదో ఒక జత కొని ఇచ్చేస్తారు. అమ్మ ఒప్పుకోలేదు. బతికినన్నాళ్ళూ ఆయనకు సరైన చెప్పు దొరకలేదు, ఆ దారిలోనైనా కుంటకూడదు, ఆయన కొలతకే కుట్టించాలి అంది. ఆయన పాత చెప్పులు శ్మశానం దారిలోనే వదిలేసి వచ్చాం. కొలత ఎక్కడుంది మరి? మా మేనమామ అంగడిలో పొట్లాలు కట్టే కాగితం తెచ్చి, ఆ పిండి పాదం మీద మెల్లగా పరిచి అద్ది, వెలుతురుకు ఎత్తి పట్టి, పిండి అంటుకున్న మేరకు వెనకవైపున చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. ఆ కాగితం పట్టుకుని మొదటి బస్సుకే కడపకు పోయి, రాత్రికల్లా చెప్పులు కుట్టించుకుని తెచ్చాడు. మర్నాడు మా నాయన పేరు చెప్పి, ఆయన ప్రయాణానికని నా చేత్తోనే వాటిని దానం ఇప్పించారు. అయ్యవారు వాటిని తీసుకుని సంచిలో పెట్టుకుంటూ ఉంటే నాకు అరికాళ్ళు చిమచిమలాడాయి.

నాలుగు నెలల తర్వాత కడపలో డాక్టరు నన్ను బరువు తూచి, నెత్తురు పరీక్షలు చేయించి, కాగితాలు చాలాసేపు చూశాడు. మా తాత, నాయన ఎట్లా పోయారో అడిగి తెలుసుకున్నాడు. మూడోవాడివి నువ్వు, రోజూ ఒళ్ళు వంచి నడువు, నడక అలవాటయ్యాక పరుగు పెట్టు, లేదంటే నీకూ అంతే వయసు అనేశాడు. అప్పటికి నాకు ముప్పై నిండాయి, మా అమ్మాయి చంకలో ఉంది. భయపడి మర్నాటినుంచే తెల్లవారుజామున సిద్ధవటం రోడ్డు పట్టాను, వాడి పారేసిన కాన్వాసు బూట్లు తొడుక్కుని. నాలాంటి లావుపాటి మనిషి పరిగెత్తుతుంటే బస్టాండు దగ్గర టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడి చూసేవాళ్ళు. ఊరు దాటాక నవ్వేవాళ్ళు లేరు. ఒకపక్క బీడు, ఒకపక్క ఎర్రగుట్ట, మధ్యలో రోడ్డు. గాలి కూడా లేని ఆ వేళ నా అడుగుల చప్పుడొక్కటే వినబడేది.

వారం తిరగకముందే రెండో చప్పుడు మొదలైంది. టప్, టప్. నా అడుగుకు అరక్షణం వెనకగా, బరువుగా, పాదం మొత్తం ఒక్కసారే నేలకు తగిలే చప్పుడు. వెనక్కి తిరిగితే రోడ్డు ఖాళీ. ఎర్రగుట్టకు కొట్టి తిరిగివచ్చే నా చప్పుడే అనుకున్నాను, అది నిజమే కావచ్చు కూడా. కానీ నేను ఆగిన తర్వాత ఒక్క అడుగు ఎక్కువ పడేది. ఆ ఒక్క అడుగే నన్ను చంపింది. నా కొలతకు కుట్టిన చెప్పులు తొడుక్కుని ఒకాయన ఆ దారిలో నడుస్తున్నాడు, మా ఇద్దరికీ ఉన్నది ఒకే జత కాళ్ళు అన్న ఆలోచన ఒకసారి వచ్చాక ఇక పోలేదు.

తెలివితక్కువగా ఈ సంగతి ఇంట్లో అన్నాను. నా భార్య బెదిరిపోయింది. అమ్మ మాత్రం తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, నన్ను కూర్చోబెట్టి, ఎంత దూరం వచ్చినాడు, ఏపక్క వచ్చినాడు అని అడిగింది, ఊరినుంచి వచ్చినవాళ్ళను బంధువుల క్షేమం అడిగినట్టు. అప్పటికే ఆమె మధ్యాహ్నాలు మధ్యగది తలుపూ వీధి తలుపూ గడియ పెట్టకుండా దగ్గరికి వేసి ఉంచడం మేమంతా గమనించాం, నాయన అంగడి నుంచి భోజనానికి వచ్చే వేళ అది. ఇక ఆరోజు నుంచి నేను చెమటలు కక్కుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడితే, నీళ్ళ చెంబు ఇస్తూ ఒకటే ప్రశ్న.

“ఈపొద్దు వచ్చినాడా?”

లేదంటే ఆ పూట అన్నం సరిగా తినేది కాదు. అందుకని వచ్చాడనే చెప్పేవాణ్ణి, అది అబద్ధం కూడా కాదు. ఒకరోజు నేను త్వరగా ఇంటికి చేరితే ఆమె నొచ్చుకుంది.

“ఆయనకు మోకాళ్ళ నొప్పులు నాయనా. నువ్వు కొంచెం మెల్లగ ఉరుకు.”

ఆ మాట తర్వాత నేను ఊరు దాటలేకపోయాను. పెట్రోలు బంకు దాకా పోయి, అక్కడ కాసేపు కూర్చుని, తిరిగి వచ్చేవాణ్ణి. తగ్గిన మూడు కిలోలు మళ్ళీ వచ్చాయి. దానికితోడు కాలి ముందెముకలో, మోకాలి లోపలివైపు నొప్పి. డాక్టరు ఈసారి కాళ్ళు చూసి, నీ పాదాలకు ఈ గుడ్డ బూట్లు పనికిరావు, సరైనవి కొనుక్కో, సాకులు చెప్పకు అన్నాడు. ఎక్కడ కొనాలని ఎవరిని అడిగినా కడపలోనే ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక సందులో ఉన్న భాయి అంగడి పేరే చెప్పారు. ముందు అరల్లో బూట్లు, వెనక ఆయన స్వయంగా కుట్టే పీట.

ఆ భాయి పెద్దాయన, అద్దాల వెనక కళ్ళు సూదులు. నేను పొద్దున్నే వెళితే బేరం చేయకుండా పంపేశాడు, పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది, అప్పటి కాలికి కొలత చూడాలి, సాయంత్రం రమ్మని. తిరిగి వెళ్ళాక ముందు నా పాత బూట్లు బోర్లించి, లోపలి అంచు అరిగిన తీరు వేలితో తడిమాడు. అరలోంచి రెండు మూడు జతలు తీసి, తడిగుడ్డ పిండినట్టు ఒక్కోదాన్ని మెలిపెట్టి చూసి, మెలి తిరిగినవాటిని పక్కన పడేశాడు. నేను మెత్తగా ఉన్న ఒక తెల్ల జతను ముచ్చటపడి పట్టుకుంటే లాక్కున్నాడు.

“మెత్తనిది నీకు వద్దప్పా. ఈడ నొక్కితే దిగబడేది, నీ బరువుకు లోపలికి ఒరుగుతాది. నీకు మడమ కాడ గట్టిది, ముందర ఎడల్పుది కావల్ల.”

ఆ తర్వాత గడపలోని నల్ల కడప బండ మీద చెంబెడు నీళ్ళు పోసి, కుడికాలు తడిపి పక్కన పొడిగా ఉన్నచోట అడుగు వేయమన్నాడు. వేశాను. నల్ల రాతి మీద నిండు పాదం, ఎక్కడా ఖాళీ లేకుండా. ఆయన వంగి దాన్ని చూసి, లేచి నా ముఖం చూసి, మళ్ళీ వంగి చూశాడు. ఎండకు కాగిన బండ కాబట్టి పాదం అంచులనుంచి ఆరుతూ చిన్నదవుతోంది. లోపలికి వెళ్ళి, గోడకున్న ఇనప కొక్కేనికి గుచ్చిన పాత కొలతల కాగితాల్లో వెతికి, ఒకటి తెచ్చి బండ పక్కన పరిచాడు. పొట్లాల కాగితం. దాని మీద పిండి అంటిన చోటల్లా చీమలు తిని జల్లెడ చేశాయి. పెన్సిలు గీత మాత్రం చెక్కుచెదరలేదు. నా కాలు ఎత్తి దాని మీద పెట్టించాడు, బొటనవేలి దగ్గర్నుంచి మడమ దాకా గీత మీద గీత.

“ఇది పోయినాయనకు కుట్టిన కొలత. నీ కాలికి ఎట్ల సరిపోతాండాదప్పా?”

పగటి వెలుతురు ఇంకా పోలేదు, సందులో సైకిళ్ళు తిరుగుతున్నాయి, అయినా నేను ఆ గడపలోనే కూర్చుండిపోయాను. ఎవరికీ చెప్పనిదంతా ముక్కూ మొగం తెలియని ఆ మనిషికి చెప్పేశాను, లారీ, తాళాలు, అమ్మ ముఖం, రోడ్డు మీద వెనక వచ్చే ఆ చప్పుడు, అన్నీ. ఆయన చివర్న కాగితం మడిచి నా చేతిలో పెట్టి, నాకు సరిపోయే జత ఒకటి తీసి వేరే పెట్టెలో ఉంచి, పక్కన పెట్టాడు.

“వీటిని ఇప్పుడే ఇయ్యొచ్చు, కానీ వీటితో నువ్వు ఉరకలేవు. ముందు పోయి అమ్మకు చెప్పు. తర్వాత రా.”

చెప్పకపోతే నేను పరిగెత్తలేను, పరిగెత్తకపోతే తాత దారీ నాయన దారీ నా దారి. చెబితే అమ్మకున్న ఒకే ఒక్క ఊరట పోతుంది. మూడు రోజులు నేను అంగడిలో తూకాలు తప్పుగా వేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం, తలుపులు దగ్గరికి వేసి అమ్మ మధ్యగదిలో వక్కాకు వేసుకుంటూ కూర్చుని ఉండగా, ఆమె ముందు కూర్చుని చెప్పేశాను. కాగితం చూపించాను. ఆమె దాన్ని చూడలేదు, నా కాలినే చూసింది. చెయ్యి చాచి, చిన్నప్పుడు ముల్లు తీయడానికి పట్టుకున్నట్టు, నా కుడి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని అరికాలంతా నిమిరింది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అరికాలి మీదినుంచి చెయ్యి తీయకుండా అంది.

“అయితే ఆయన రానే లేదు.”

అంతే. లేచి వెళ్ళి, వీధి తలుపు మూసి గడియ పెట్టి వచ్చింది. గడియ పడిన చప్పుడు నాకు ఈరోజుకూ చెవుల్లో ఉంది. ఆరోజు నుంచి మధ్యాహ్నాలు మా తలుపు మూసే ఉండేది. నేను పరుగు నుంచి వస్తే నీళ్ళు ఇచ్చేది, ఏమీ అడిగేది కాదు.

ఆ వారంలోనే కడపకు పోయి ఆ బూట్లు తెచ్చుకున్నాను. మొదటిరోజు ఎర్రగుట్ట దగ్గర కావాలనే ఆగి విన్నాను. ఏమీ లేదు. బూటు గట్టిదనం వల్ల నా పాదం చప్పుడే మారిపోయిందో, చెప్పేసినందువల్ల నా బుర్ర కుదుటపడిందో, లేక ఆయనే వెనుదిరిగి వెళ్ళిపోయాడో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, పరిగెత్తాను. ఆ రోడ్డు మీద నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను, అంత తేలికగానూ ఎప్పుడూ లేను.

ఇప్పుడు పోయినవాళ్ళ కోసం పిండి చల్లే ఇళ్ళు లేవు. పదిరోజుల కర్మను ఫంక్షన్ హాల్లో మూడు రోజులకు కుదించి, పాలరాతి నేల తుడిచేసి వచ్చేస్తున్నాం. నడక చప్పుడుకు కంచం పెట్టేవాళ్ళు లేరు, ఫోను మోగితే చాలు, మనిషి ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. భయాలు పోయాయి, మంచిదే. కానీ చనిపోయినవాళ్ళు ఒక్కసారి వచ్చి చూసిపోతారన్న ఆశ కూడా వాటితోపాటే పోయింది. అమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది, నాయన మాట ఎత్తగా నేను వినలేదు. నాకు మొన్ననే యాభై రెండు నిండాయి, మా ఇంట్లో ఏ మగవాడూ చూడని వయసు. పరిగెత్తి సంపాదించుకున్న ఏళ్ళని అందరూ మెచ్చుకుంటారు. ఆమెకు మిగిలిన ఆ ఒక్క అడుగునూ లాక్కుని సంపాదించుకున్నానని నాకు తెలుసు.